ఆగిపోయిన పెర్ల్ సైటును లేపడం, దానికి తగిన సర్వర్ పనిముట్టును ఎంచుకోవడం

ఏప్రిల్ నెల, జీడి పిక్కల సీజన్ మంచి ఊపులో ఉంది. ఉదయం ఏడున్నరకు కాశీబుగ్గ నుంచి ఫోన్. "బాబూ, సైటు తెరుస్తంటే ఏటో ఫైవ్ హండ్రెడ్ అని వస్తంది. గేటు దగ్గర నాలుగు బండ్లు ఆగిపోనాయి. బస్తాలు దించమంటావా, వద్దా?"

ఆ షావుకారు గారి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కల బస్తాలు దించుకోవడం, 80 కిలోల బస్తా లెక్కన తూకం రాసుకోవడం, రైతు చేతికి చీటీ ఇవ్వడం అంతా పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక పాత వెబ్ అప్లికేషన్ మీదే నడుస్తుంది. రాసిన మనిషి ఎప్పుడో వేరే ఊరు వెళ్లిపోయారు. శ్రీకాకుళంలో కూర్చుని దాన్ని చూసుకునేది నేను.

ముందు రోజు రాత్రి హోస్టింగ్ వాళ్లు సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చారు. దాంతోపాటు పెర్ల్ కూడా మారింది. చివరికి ఒక మాడ్యూల్ (సిద్ధంగా దొరికే కోడ్ భాగం) ఎక్కించి, రెండు లైన్లు సరిచేస్తే సైటు లేచింది. కానీ ఆ రెండు లైన్లు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి నాకు మూడు గంటలు పట్టింది. లాగ్ (సర్వర్ తన తప్పులు రాసుకునే ఫైల్) చూడకుండా నేరుగా కోడ్ తెరిచి కూర్చోవడమే కారణం. లాగ్ ముందు చదివి ఉంటే పది నిమిషాల పని. బండ్ల వాళ్లు అంతసేపూ ఎండలో ఉన్నారు.

ఇలాంటి పూట చాలామంది చెప్పే సలహా ఒకటుంది: "పెర్ల్ పాతబడిపోయింది, మొత్తం తీసేసి కొత్తదాంట్లో రాయించండి." నేను ఒప్పుకోను. 1987లో మొదలైన ఈ భాషకు ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ఏళ్ల తరబడి తూకాలు, బాకీలు, రైతుల పేర్లు సరిగ్గా లెక్కగట్టిన కోడ్‌ను భయంతో పారేయకూడదు. ముందు రోగం ఏమిటో తెలుసుకోవాలి, తర్వాత మందు. పనిముట్టు మార్చాలా వద్దా అన్నది సైటు లేచాక, తీరికగా తేల్చుకోవలసిన విషయం. ఈ మార్గదర్శి కూడా అదే వరుసలో వెళ్తుంది.

కోడ్ ముట్టుకునే ముందు

మొదట అడగాల్సింది ఒక్కటే: నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది? సర్వర్ అప్‌డేట్ అయిందా, ఎవరైనా ఫైల్ ఎక్కించారా, డిస్క్ నిండిందా, కరెంట్ పోయి మిషన్ మళ్లీ స్టార్ట్ అయిందా. కోడ్ దానంతట అది పాడవదు. దాని చుట్టూ ఉన్నది మారుతుంది.

అప్లికేషన్ ఫోల్డర్ మొత్తానికీ, డేటాబేస్‌కూ ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత చేసే ప్రతి మార్పునూ ఒక కాగితం మీద రాసుకోండి. టెన్షన్‌లో ఒకేసారి నాలుగు మార్చేస్తే, ఏది పనిచేసిందో, ఏది కొత్త తప్పు తెచ్చిందో తెలియదు.

లాగ్ చదవడం

బ్రౌజర్‌లో కనిపించే 500 అంటే "లోపల ఏదో జరిగింది" అని మాత్రమే అర్థం. అసలు మాట లాగ్‌లో ఉంటుంది. ఉబుంటు, డెబియన్ రకం లైనక్స్ సర్వర్లలో అపాచీ వెబ్ సర్వర్ లాగ్ వార్ ఫోల్డర్‌లోని లాగ్ ఫోల్డర్‌లో, అపాచీ2 అనే ఫోల్డర్ కింద ఎర్రర్ డాట్ లాగ్ అనే పేరుతో ఉంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆ ఫోల్డర్ పేరు హెచ్‌టీటీపీడీ. ఒక విండోలో టెయిల్ కమాండ్‌తో లాగ్‌ను తెరిచి ఉంచి, ఇంకో విండోలో పేజీని రీఫ్రెష్ చేయండి. అప్పుడే పుట్టిన లైన్ మీ కళ్ల ముందు పడుతుంది.

సీజీఐ స్క్రిప్టులకు (ప్రతి పేజీకీ వెబ్ సర్వర్ విడిగా నడిపే ప్రోగ్రాములకు) ఎక్కువగా కనిపించే మాట "ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్". పాత అపాచీలో ఇదే "ప్రీమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్" అని వచ్చేది. స్క్రిప్టు ముందుగా కంటెంట్ టైప్ లైన్ పంపి, దాని వెనక ఒక ఖాళీ లైన్ పంపాలి. అది జరగక ముందే స్క్రిప్టు చచ్చిపోయిందని దీని భావం. ఇది ఫలితమే తప్ప కారణం కాదు. కారణం సాధారణంగా దానికి ఒకటి రెండు లైన్ల పైన ఉంటుంది, అందుకే కళ్లు పైకి తిప్పండి. ఒక్కోసారి స్క్రిప్టు బాగానే ఉంటుంది, పరీక్ష కోసం ఎవరో పెట్టిన ప్రింట్ లైన్ హెడర్ కంటే ముందు దూరి ఉంటుంది.

పేజీకి బదులు పెర్ల్ కోడే బ్రౌజర్‌లో కనబడితే తప్పు స్క్రిప్టులో లేదు. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లను ప్రోగ్రాములుగా నడపమని అపాచీకి చెప్పలేదు, లేదా సీజీఐ మాడ్యూల్ ఆన్ చేయలేదు. ఇది వెంటనే ఆపాల్సిన ప్రమాదం. కోడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటే అది కూడా లోకానికి కనిపించేసినట్టే. సైటును ఆపి, పాస్‌వర్డ్ మార్చి, తర్వాతే మిగతా పని చూడండి.

తప్పులను బ్రౌజర్‌లోనే చూపించే సీజీఐ::కార్ప్ సదుపాయం ఒకటుంది. మీ సొంత మిషన్ మీద హాయిగా వాడుకోండి. జనం వాడే సైటులో మాత్రం వదిలేయకండి. ఫోల్డర్ల పేర్లు, టేబుళ్ల పేర్లు అన్నీ బయటపడతాయి.

చేత్తో నడిపి చూడండి

లాగ్‌లో తేలకపోతే స్క్రిప్టును టెర్మినల్‌లో నడపాలి. పెర్ల్ కమాండ్‌కు హైఫన్ సి జోడించి ఫైల్ పేరు ఇస్తే, స్క్రిప్టును నడపకుండా వ్యాకరణం సరిచూసి చెబుతుంది. అది "సింటాక్స్ ఓకే" అన్నాక అసలుగా నడపండి. రూట్ యూజర్‌గా నడిపితే మాత్రం మోసపోతారు, రూట్‌కు అన్నీ తెరుచుకుంటాయి. వెబ్ సర్వర్ ఏ యూజర్‌గా నడుస్తుందో ఆ యూజర్‌గానే సుడో ద్వారా నడపండి. ఉబుంటులో ఆ యూజర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ హైఫన్ డేటా. సగం అనుమతుల తప్పులు ఇక్కడే దొరుకుతాయి. ఫైల్‌కు 755 (అందరూ చదివి, నడపగల అనుమతి) ఉన్నా, దాని పై ఫోల్డర్లలో ఏ ఒక్కదానికి ప్రవేశ అనుమతి లేకపోయినా తలుపు మూసుకున్నట్టే. రెడ్ హ్యాట్ కుటుంబంలో 755 అన్నీ సరిగా ఉండి కూడా నడవకపోతే ఎస్ఈలైనక్స్ అనే అదనపు భద్రతా కాపలాను అనుమానించండి.

ఇక్కడ ఒక తప్పును దగ్గర నుంచి చూపిస్తాను. మన దగ్గర ఎక్కువ మంది విండోస్ ల్యాప్‌టాప్‌లో రాసి లైనక్స్ సర్వర్‌కు ఎక్కిస్తారు కాబట్టి ఇది పదే పదే వస్తుంది. స్క్రిప్టును "పెర్ల్ ఫైల్‌పేరు" అని నడిపితే చక్కగా నడుస్తుంది. అదే స్క్రిప్టును ఫైల్ పేరుతో నేరుగా నడిపితే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది. ఫైల్ కళ్ల ముందే ఉంది. మరి లేదంటుందేమిటి?

లేదన్నది మీ ఫైల్ గురించి కాదు. మొదటి లైన్‌లో, హ్యాష్, ఆశ్చర్యార్థకం గుర్తుల తర్వాత, పెర్ల్ ఎక్కడుందో చెప్పే దారి ఉంటుంది. విండోస్ ప్రతి లైన్ చివర రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్ ఒక్కటే. ఆ అదనపు గుర్తు కంటికి కనబడదు. కానీ కెర్నల్ (లైనక్స్ గుండె భాగం) దాన్ని పేరులో భాగమనుకుని, "పెర్ల్, దాని వెనక ఒక కనబడని గుర్తు" అనే పేరున్న ప్రోగ్రామ్ కోసం వెతుకుతుంది. అలాంటిది ఉండదు. పెర్ల్‌కే నేరుగా ఫైల్ ఇచ్చినప్పుడు ఈ వెతుకులాట లేదు కాబట్టి నడిచిపోతుంది. క్యాట్ కమాండ్‌కు హైఫన్ పెద్ద ఏ జోడించి ఫైల్ చూస్తే లైన్ల చివర టోపీ గుర్తు, దాని పక్కన ఎమ్ కనిపిస్తాయి. డాస్2యునిక్స్ కమాండ్ ఒక్కసారి నడిపితే పోతాయి. ఎడిటర్‌లో లైన్ ఎండింగ్‌ను లైనక్స్ రకంగా పెట్టుకుంటే మళ్లీ రావు. దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి: ఎడిటర్ ఫైల్ మొదట్లో బామ్ అనే 3 బైట్లు పెడితే, హ్యాష్ గుర్తు మొదటి బైట్ కాకుండా పోయి, కెర్నల్ అసలు ఆ లైన్‌నే గుర్తించదు. సేవ్ చేసేటప్పుడు "యూటీఎఫ్-8, బామ్ లేకుండా" అని ఎంచుకోండి.

మాడ్యూళ్లు, వెర్షన్లు

కాశీబుగ్గ సైటు పడిపోయింది ఇక్కడే. లాగ్‌లో "కాంట్ లొకేట్" అని మొదలై, పెర్ల్ ఎక్కడెక్కడ వెతికిందో ఫోల్డర్ల జాబితా వచ్చింది. రెండు మార్పులు ఒకేసారి తగిలాయి.

ఒకటి, సీజీఐ డాట్ పీఎం. ఫారంలోంచి సమాచారం తీసుకునే ఈ మాడ్యూల్ ఏళ్ల పాటు పెర్ల్‌తోనే వచ్చేది. 2015లో వచ్చిన పెర్ల్ 5.22 వెర్షన్ నుంచి దాన్ని పెర్ల్‌లోంచి తీసేశారు. పోలేదు, పెర్ల్ మాడ్యూళ్ల ఉమ్మడి ఖజానా అయిన సీపాన్‌లో ఉంది. విడిగా ఎక్కించుకోవాలి, అంతే. డెబియన్, ఉబుంటులో దానికి ప్యాకేజీ కూడా ఉంది.

రెండోది, చుక్క, అంటే ప్రస్తుతం ఉన్న ఫోల్డర్‌కు గుర్తు. పాత పెర్ల్ మాడ్యూళ్ల కోసం ప్రస్తుతం ఉన్న ఫోల్డర్‌లో కూడా వెతికేది. ఎవరైనా ఆ ఫోల్డర్‌లో దొంగ ఫైల్ పెడితే అదే నడిచిపోతుందన్న భద్రతా కారణంతో, 2017లో వచ్చిన 5.26 నుంచి ఆ అలవాటు మాన్పించారు. పాత సైట్లలో పక్కనే ఉన్న లెక్కల ఫైల్‌ను పేరుతో పిలిచే లైన్లు ఉంటాయి. రిక్వైర్‌తో పిలిస్తే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. డూతో పిలిస్తే మరీ కష్టం. హెచ్చరిక ఒకటి పడేసి, ఫైల్ చదవకుండానే ముందుకు పోతుంది. సెట్టింగులు ఖాళీగా ఉన్న సైటు నడుస్తూనే ఉంటుంది, తప్పుడు అంకెలతో. అందుకే పాత సైటును కొత్త పెర్ల్ మీదకు మార్చినప్పుడు డూ ఉన్న ప్రతి చోటా చూడండి. పూర్తి దారి ఇవ్వండి, లేదా యూజ్ లిబ్ లైన్‌తో ఫోల్డర్‌ను స్పష్టంగా చెప్పండి. పాత అలవాటును తిరిగి ఆన్ చేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటుంది. బండ్లు ఆగి ఉన్న ఆ గంటకు పనికొస్తుంది గానీ, అలాగే వదిలేయకండి.

మాడ్యూళ్లు ఎక్కించడంలో నా పద్ధతి ఇది. డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీగా దొరికితే అదే తీసుకుంటాను, ముఖ్యంగా డేటాబేస్ డ్రైవర్లు. వాటిని సీపాన్ నుంచి తెచ్చి కంపైల్ చేయాలంటే సీ కంపైలర్, డేటాబేస్ లైబ్రరీలు అన్నీ కావాలి. మిగతావి సీపాన్ మైనస్ అనే పనిముట్టుతో అప్లికేషన్ ఫోల్డర్ లోపలే ఎక్కిస్తాను. సిస్టమ్ పెర్ల్‌లో, రూట్‌గా, సీపాన్ మాడ్యూళ్లు కుమ్మరించకండి. ఆపరేటింగ్ సిస్టమ్ సొంత పనిముట్లు కూడా అదే పెర్ల్ మీద ఆధారపడతాయి. ఏ మాడ్యూల్ ఏ వెర్షన్ అన్నది సీపాన్‌ఫైల్‌లో రాసి, కార్టన్‌తో బిగించి పెట్టుకుంటే, రేపు సర్వర్ మారినా అవే తిరిగి వస్తాయి. సిస్టమ్ అప్‌డేట్లతో సంబంధమే వద్దనుకుంటే పెర్ల్‌బ్రూతో సొంత పెర్ల్ పెట్టుకోవచ్చు. కానీ దాని భద్రతా అప్‌డేట్ల బాధ్యత కూడా మీదే అవుతుంది.

డేటాబేస్ మరియాడీబీ అయితే దానికి ప్రత్యేకంగా ఉన్న డీబీడీ::మరియాడీబీ డ్రైవర్ వాడండి. డీబీడీ::మైఎస్‌క్యూఎల్ 5వ వెర్షన్ నుంచి మైఎస్‌క్యూఎల్ 8 లైబ్రరీల కోసమే తయారవుతోంది. తెలియక దాన్ని మరియాడీబీ లైబ్రరీల మీద కంపైల్ చేయబోతే అంతుపట్టని తప్పులు వస్తాయి.

తెలుగు అక్షరాలు చెదిరిపోతే

మన సైట్లలో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. రైతు తన పేరు, తన ఊరు పేరు చీటీ మీద చదువుకోలేకపోతే ఆ చీటీ మీద నమ్మకమే ఉండదు. అందుకని ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

"శ్రీకాకుళం" అనే మాట తీసుకోండి. మన కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. యూనికోడ్ లెక్కలో పది గుర్తులు: శ, పొల్లు, ర, ఈత్వం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. ఆ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదీ 3 బైట్లు, కాబట్టి మొత్తం 30 బైట్లు. ఈ 10, 30 అంకెలు గుర్తుంచుకుంటే అక్షరాలు ఎక్కడ చెదిరాయో కనిపెట్టడం తేలిక.

పెర్ల్‌లో లెంగ్త్ అడిగితే 10 వచ్చిందా, అది అక్షరాలుగా అర్థం చేసుకుంది. 30 వచ్చిందా, ఇంకా ముడి బైట్లుగానే చూస్తోంది. ఆ 30 బైట్లనూ అక్షరాలనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మారిస్తే 60 బైట్లవుతాయి. అప్పుడే తెరమీద తలపై గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు లాంటి సున్న, లేదా కూడిక తీసివేత కలిసిన గుర్తు వరుసగా కనిపిస్తాయి. తెలుగు గుర్తులన్నీ యూటీఎఫ్-8లో ఒకే బైట్‌తో మొదలై, రెండో బైట్ కూడా రెండింటిలో ఒకటే అవుతుంది కాబట్టి ఈ చెత్తకు ఎప్పుడూ అదే రూపం. అది కనబడితే "రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది" అని కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

తప్పు తెరమీద మాత్రమే ఉందా, డేటాబేస్‌లోనే పాడైందా? మైఎస్‌క్యూఎల్‌లో ఆ వరుసకు క్యార్ లెంగ్త్ (గుర్తుల లెక్క), లెంగ్త్ (బైట్ల లెక్క) రెండూ అడగండి. 10, 30 వస్తే డేటా క్షేమం, చూపించే దగ్గరే తప్పు. క్యార్ లెంగ్త్ 30 వచ్చి, లెంగ్త్ 60 గానీ అంతకంటే కాస్త ఎక్కువ గానీ వస్తే చెదిరిన డేటాయే లోపల కూర్చుంది. అలాంటిదాన్ని వెనక్కి తిప్పి బాగుచేయవచ్చు. కాపీ మీద, చెదిరిన వరుసలకు మాత్రమే చేయండి, బాగున్న వరుసలకు చేస్తే అవి పాడవుతాయి. 10, 10 వచ్చి తెరమీద పది ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్షరాలు పోయినట్టే. బ్యాకప్ ఉంటేనే తిరిగొస్తాయి.

నివారణకు సూత్రం ఒకటే. లోపలికి వచ్చే ప్రతిదాన్నీ గుమ్మం దగ్గర డీకోడ్ (బైట్ల నుంచి గుర్తుల్లోకి) చేయాలి, బయటకు వెళ్లే ప్రతిదాన్నీ గుమ్మం దగ్గర ఎన్‌కోడ్ (గుర్తుల నుంచి బైట్లలోకి) చేయాలి, ఒక్కసారే. యూజ్ యూటీఎఫ్8 అనే లైన్ మీ సోర్స్ ఫైల్‌లో రాసిన తెలుగుకు మాత్రమే సంబంధించినది. ఫారంలోంచి వచ్చే పేర్లకు దాంతో పనిలేదు. చాలామంది అది పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. డేటాబేస్ కనెక్షన్‌లో యూటీఎఫ్8ఎమ్‌బీ4 అని విడిగా చెప్పాలి, టేబుల్ కూడా అదే ఎన్‌కోడింగ్‌లో ఉండాలి. లాగ్‌లో "వైడ్ క్యారెక్టర్ ఇన్ ప్రింట్" అని వస్తే అవుట్‌పుట్ గుమ్మం దగ్గర ఎన్‌కోడ్ చేయడం మరిచారన్నమాట. జేసన్ (యాప్‌లకు సమాచారం పంపే రూపం) పంపేటప్పుడు ఇంకో గుంట ఉంది. ఎన్‌కోడ్ జేసన్ ఫంక్షన్ బైట్లనే ఇస్తుంది. దాన్ని మళ్లీ యూటీఎఫ్-8 పొర ఉన్న అవుట్‌పుట్‌లోకి ప్రింట్ చేస్తే రెండోసారి ఎన్‌కోడ్ అయిపోతుంది. పేజీలో తెలుగు బాగుండి, మొబైల్ యాప్‌లో చెదిరితే మొదట చూడాల్సింది ఇదే.

వెతుకులాటలో దొరకని పేర్ల సంగతి కూడా చెప్పాలి. "రాజ్‌కుమార్" అని రాసినప్పుడు జ పొల్లుకూ కకూ మధ్య ఒక కనబడని గుర్తు ఉంటుంది, లేకపోతే రెండూ కలిసి ఒత్తు అయిపోతాయి. ఒక గుమస్తా ఆ గుర్తుతో టైప్ చేస్తారు, ఇంకొకరు ఖాళీ వదులుతారు. కంప్యూటర్‌కు ఇద్దరూ వేర్వేరు రైతులు. ఇద్దరి పేరుతో రెండు ఖాతాలు, రెండు బాకీలు. నేను అసలు పేరును ఉన్నదున్నట్టు దాచి, పక్కన వెతకడానికి ఇంకో కాలమ్ పెట్టాను. అందులో ఆ కనబడని గుర్తులు, ఖాళీలు తీసేసి, యూనికోడ్::నార్మలైజ్ మాడ్యూల్‌తో ఒకే రూపానికి తెచ్చి పెడతాను. పేరును చీటీలో పట్టేలా కత్తిరించాల్సి వస్తే గుర్తుల లెక్కన కత్తిరించకండి, శ్రీ కాస్తా శ్ర అయిపోతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ వాడితే గుణింతం విడిపోకుండా కాస్త మర్యాదగా తెగుతుంది.

ఉదయం మొదటి మనిషికే వచ్చే తప్పు

ఒక సైటు రోజంతా బాగుంటుంది, తెల్లారి మొదట తెరిచిన మనిషికి తప్పు చూపిస్తుంది, రీఫ్రెష్ చేస్తే సర్దుకుంటుంది. ఇది మైఎస్‌క్యూఎల్ గడియారం. వాడకుండా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు, ఊరకున్న కనెక్షన్‌ను అది మామూలుగా తెంచేస్తుంది. రాత్రి ఫ్యాక్టరీ మూసి ఉంటుంది. ఉదయం పాత కనెక్షన్‌తో అడిగితే "సర్వర్ హ్యాజ్ గాన్ అవే" అంటుంది. డీబీఐఎక్స్::కనెక్టర్ లాంటిది వాడితే తెగిన కనెక్షన్‌ను గుర్తించి కొత్తది తెరుస్తుంది. వర్కర్లు (పేజీల పని పంచుకునే పెర్ల్ ప్రాసెస్‌లు) పుట్టకముందే తెరిచిన డేటాబేస్ కనెక్షన్‌ను అందరూ పంచుకుంటే ఒకరి జవాబు ఇంకొకరికి వెళ్లే ప్రమాదం కూడా ఉంది. ఈ మాడ్యూల్ దాన్నీ కాచుకుంటుంది.

ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి వెనక పెర్ల్ సర్వర్ నడిపేవారికి మూడు అంకెలు తరచుగా ఎదురవుతాయి. 502 వస్తే వెనక పెర్ల్ ప్రాసెస్ నడవడం లేదు. మన దగ్గర కరెంట్ పోయి వచ్చాక ఇదే మామూలు, సర్వీస్‌గా పెట్టకుండా టెర్మినల్‌లో చేత్తో స్టార్ట్ చేసి వదిలేసి ఉంటారు. 504 అయితే ప్రాసెస్ బతికే ఉంది గానీ 60 సెకన్లలో జవాబివ్వలేదు. గడువు పెంచే ముందు ఏ ప్రశ్న దగ్గర ఆగుతోందో చూడండి, నా అనుభవంలో అది ఇండెక్స్ లేని టేబులే. కోడ్‌లోనే నెమ్మది ఉంటే డెవెల్::ఎన్‌వైటీప్రాఫ్ ఏ లైన్ ఎంతసేపు తిందో చూపిస్తుంది. 413 వస్తే పంపిన ఫైల్ పెద్దది. ఎన్‌జింక్స్ మామూలు హద్దు 1 ఎంబీ మాత్రమే, కాటా చీటీకి ఫోన్‌లో తీసిన ఫొటో దాన్ని ఇట్టే దాటేస్తుంది.

ఇక ఏ పనిముట్టు

సైటు లేచింది, వారం గడిచింది. ఇప్పుడు తీరికగా ఆలోచిద్దాం. నేను అడిగే ప్రశ్నలు రెండు: ఈ సర్వర్‌లో నాకు ఎంత స్వేచ్ఛ ఉంది, నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు?

చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్ మాత్రమే ఉండి, రోజుకు కొద్దిమందే వాడుతుంటే సాదా సీజీఐ తప్పేమీ కాదు. ప్రతి పేజీకీ పెర్ల్ కొత్తగా మొదలై, పని చేసి, ముగుస్తుంది. నెమ్మదే, కానీ ఒకరి డేటా ఇంకొకరికి అంటుకోదు. చూసుకోవడానికి ఎవరూ లేని చిన్న సైటుకు ఆ గుణం విలువైనది. కొత్త ఫారాలు మాత్రం సీజీఐ డాట్ పీఎం మీద రాయకండి, దాన్ని నిర్వహించేవారే వద్దంటున్నారు.

మోడ్ పెర్ల్ పెర్ల్‌ను అపాచీ కడుపులోనే పెడుతుంది. వేగం బాగుంటుంది, అపాచీ పనితీరునే మార్చే శక్తి ఉంది. ఇప్పటికే అది ఉన్నవారు ఉంచుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పను, అపాచీకీ మీ కోడ్‌కూ పీటముడి పడిపోతుంది. ఫాస్ట్ సీజీఐ ఇప్పుడు షేర్డ్ హోస్టింగ్‌లో వేరే దారి లేనప్పుడు మాత్రమే.

సొంత వీపీఎస్ (విడిగా అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) ఉంటే దారి స్పష్టం: పీఎస్‌జీఐ, అంటే వెబ్ సర్వర్‌కూ పెర్ల్ అప్లికేషన్‌కూ మధ్య ఒక ఒప్పందం. పైథాన్ డబ్ల్యూఎస్‌జీఐ, రూబీ ర్యాక్ చూసి 2009లో తత్సుహికో మియాగవా ఈ ఒప్పందాన్నీ, దాన్ని అమలుచేసే ప్లాక్ పనిముట్లనూ తెచ్చారు. అప్లికేషన్ ఒక ఫంక్షన్, అంతే. దాన్ని ఈ రోజు స్టార్‌మన్ అనే సర్వర్ మీద, రేపు ఇంకో సర్వర్ మీద నడపవచ్చు, కోడ్ మారదు. పనిముట్టుకు బానిస కాకుండా ఉండటమే ఇందులో నాకు నచ్చింది.

ఫ్రేమ్‌వర్క్‌లలో (సైటు కట్టడానికి సిద్ధంగా దొరికే చట్రాల్లో) కొత్త పనికి నా మొదటి ఎంపిక మోజోలిషియస్. అది పెర్ల్ తప్ప వేరే మాడ్యూళ్లేవీ అడగదు. నెట్ నెమ్మదిగా ఉన్న చోట, చిన్న సర్వర్ మీద అది ఎంత సుఖమో చేసినవారికి తెలుసు. రాసేటప్పుడు దాని సొంత సర్వర్ మార్బో, కోడ్ మారగానే తనే మళ్లీ లోడ్ చేస్తుంది, జనానికి ఇచ్చేటప్పుడు దాని ఇంకో సర్వర్ హిప్నోటోడ్, సైటు ఆపకుండానే కొత్త కోడ్‌లోకి మారుతుంది. తెలుగు అక్షరాల గుమ్మాలను కూడా చాలావరకు అదే కాపలా కాస్తుంది. డాన్సర్2 కూడా చక్కనిది, చదివితే అర్థమయ్యే కోడ్ వస్తుంది, కొత్తవారికి అప్పగించే సైటుకు బాగుంటుంది. క్యాటలిస్ట్ పెద్ద ఇల్లు. ఇప్పటికే అందులో కాపురమున్నవారు ఖాళీ చేయాల్సిన పని లేదు, ఇద్దరు మనుషుల ఆఫీసుకు కొత్తగా కట్టక్కర్లేదు. టెంప్లేట్లకు టెంప్లేట్ టూల్‌కిట్ చాలు. డేటాబేస్‌కు డీబీఐ మాడ్యూల్ చాలు, ప్రశ్నల్లో విలువలను నేరుగా అతికించకుండా ప్లేస్‌హోల్డర్లు వాడినంత కాలం.

పాత సీజీఐని ప్లాక్ కిందకు తేవడం

కాశీబుగ్గ సైటుకు నేను చేసింది ఇదే. మొత్తం తిరగరాయలేదు. ప్లాక్‌లో పాత సీజీఐ స్క్రిప్టులను చుట్టి నడిపే ర్యాప్‌సీజీఐ అనే భాగం ఉంది. ఒక్కో స్క్రిప్టునూ దాని కింద పెట్టి, నా ల్యాప్‌టాప్‌లో ప్లాకప్ కమాండ్‌తో 5000 పోర్టు మీద నడిపి చూశాను.

ఈ మార్పులో ఒక ప్రమాదం ఉంది, నిదానంగా చదవండి. సీజీఐలో ప్రతి పేజీతో వేరియబుళ్లన్నీ చచ్చిపోతాయి. ఇక్కడ ప్రాసెస్ బతికే ఉంటుంది. పాత స్క్రిప్టు పైభాగంలో మొత్తం బస్తాల లెక్కకు ఒక గ్లోబల్ వేరియబుల్ ఉండి, దాన్ని ఎవరూ సున్నా చేయకపోతే, సోంపేట రైతు 12 బస్తాల వెనక మందస రైతు 9 బస్తాలు దించితే చీటీలో 21 పడుతుంది. పైన మై అని రాసిన వేరియబుల్‌ను కింద పేరున్న సబ్‌రొటీన్ వాడినా ఇలాంటి తంటాయే. పెర్ల్ "విల్ నాట్ స్టే షేర్డ్" అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటవేయకండి. వేరియబుళ్లను సబ్‌రొటీన్‌లకు చేతికిచ్చి, ఫలితం చేతికి తీసుకునేలా మార్చండి. పరీక్షకు ఒక్క వర్కర్‌తో నడిపి, ఇద్దరు వేర్వేరు రైతుల ఎంట్రీలు వెంటవెంటనే వేసి చూడండి. వర్కర్లు అయిదుగురుంటే తప్పు ఒకసారి కనబడి నాలుగుసార్లు దాక్కుంటుంది.

తర్వాత స్టార్‌మన్. మామూలుగా 5 వర్కర్లతో మొదలవుతుంది. ఒక్కో వర్కర్ ఎంత మెమరీ తింటోందో కాసేపు వాడాక చూసి, డేటాబేస్‌కు కావలసింది పక్కన పెట్టి, మిగిలినదాంట్లో ఎందరు పడతారో లెక్కేయండి. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో సర్వీస్‌గా రాసి, చచ్చిపోతే తనే లేచేలా రీస్టార్ట్ సెట్టింగ్ పెట్టి, ఎనేబుల్ చేయడం మరవకండి. ముందు ఎన్‌జింక్స్, వెనక లోకల్ అడ్రస్ మీద మాత్రమే స్టార్‌మన్. సర్వర్ టైమ్‌జోన్ కూడా చూసుకోండి. అది యూటీసీలో (మన సమయానికి అయిదున్నర గంటలు వెనక) ఉండి, కోడ్ దాన్నే నమ్ముకుంటే, తెల్లవారుజామున 5:30 లోపు దించిన బండికి ముందు రోజు తేదీ పడుతుంది.

ఇవన్నీ అయ్యాక, ఫ్యాక్టరీకి సెలవున్న ఒక ఆదివారం సర్వర్‌ను కావాలనే రీబూట్ చేశాను. ఏమీ ముట్టుకోకుండా రెండు నిమిషాలు ఆగి, ఫోన్‌లో సైటు తెరిచి, "శ్రీకాకుళం" అన్న ఊరు పేరుతో ఒక ఉత్తుత్తి చీటీ వేశాను. చీటీ సరిగ్గా వచ్చింది, డేటాబేస్‌లో 10, 30 ఉన్నాయి. ఆ వరుస చెరిపేసి షావుకారు గారికి ఫోన్ చేశాను.

"సోమవారం బండ్లు రమ్మనొచ్చా బాబూ?"

"రమ్మనండి."